మోకాలి అరుగుదలకు ఏ చెప్పులు, ఏ ఇన్‌సోల్? పాదం తీరు చూసి ఎంచుకునే పద్ధతి

"మోకాళ్ల నొప్పికి మంచి చెప్పులు చూపించండి" అని నెల్లూరు ట్రంకు రోడ్డులో అడిగినా, ఒంగోలు ట్రంకు రోడ్డులో అడిగినా దుకాణదారు తడుముకోడు. ముందు మెత్తటి జత తీసి, బొటనవేలితో అడుగును నొక్కి ఎంత లోపలికి దిగుతుందో చూపిస్తాడు. ఇంకాస్త ఖర్చు పెట్టే మనిషిలా కనిపిస్తే అద్దం పలక మీద నిలబెట్టి, తెర మీద ఎర్రటి మచ్చలు చూపించి, "మీది చదును పాదం, అందుకే మోకాలు అరిగింది, చెప్పు లోపల ఈ ఇన్‌సోల్ అట్ట వేస్తే సరిపోతుంది" అని తేల్చేస్తాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగానికి ఎంత డబ్బు పెట్టవచ్చో, ఎక్కడ ఆపాలో చూద్దాం.

నా తీర్పు ముందే చెబుతాను. యాభై దాటి, మోకాలి లోపలి వైపు అరుగుదల ఉన్నవారికి గట్టి అడుగు, మడమను పట్టి ఉంచే వెనక భాగం ఉన్న పాదరక్షలు మొదటి ఎంపిక. చేతికర్ర రెండోది. వేల రూపాయలు పోసి పాదం అచ్చు తీయించుకునే ఇన్‌సోల్ వరసలో చాలా వెనక ఉంటుంది. తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం వీటన్నిటికంటే పైన ఉంటాయి. అవి దుకాణంలో దొరకవు కాబట్టి వాటి గురించి ఎవరూ బోర్డు పెట్టరు.

ముందు మీ పాదం ఏ తీరో చూసుకోండి

దీనికి యంత్రం అక్కరలేదు. కాలు తడిపి పొడి గచ్చు మీద మామూలుగా ఒక అడుగు వేసి ముద్ర చూడండి. మడమకూ ముందుపాదానికీ మధ్య ఓ మోస్తరు పట్టీ పడితే అరికాలి వంపు బాగున్నట్టు. పాదమంతా పరిచినట్టు పడితే చదును పాదం. మధ్యభాగం నేలకు అంటకపోతే వంపు మరీ ఎక్కువ.

తర్వాత గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవండి. ఇంట్లో ఒకరిని వెనక నుంచి చూడమనండి. లేచినప్పుడు వంపు తేలి, మడమ కాస్త లోపలికి తిరిగితే మీది మెతక చదును పాదం. చిన్నప్పటి నుంచీ అలాగే ఉండి, నొప్పి పెట్టకపోతే దాని జోలికి పోనక్కరలేదు. లేచినా వంపు రాకపోయినా, ఒంటికాలి మీద లేవలేకపోయినా, అందులోనూ ఒక పాదమే ఈమధ్య చదునైపోయినా చెప్పుల దుకాణం వదిలి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చీలమండ లోపలి పక్కగా దిగి అరికాలి వంపును ఎత్తి పట్టే స్నాయువు దెబ్బతిన్నప్పుడు ఇలా అవుతుంది. అది చెప్పులు మార్చి సరిపెట్టుకునే విషయం కాదు.

ఫిజియోథెరపిస్టుల దగ్గర ఇంతకంటే పద్ధతైన కొలత ఒకటుంది. దాని పేరు ఫుట్ పోశ్చర్ ఇండెక్స్. నిలబడి ఉన్న పాదాన్ని ఆరు అంశాల్లో చూసి, ఒక్కోదానికి మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు మార్కు వేస్తారు. మొత్తం 0 నుంచి 5 వరకు వస్తే మామూలు పాదం. 6 నుంచి లోపలికి ఒరిగిన పాదం, 10కి చేరితే బాగా ఒరిగినది. సున్నా కంటే తక్కువైతే బయటి అంచు మీద నిలబడే పాదం. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. పాదం కొద్దిగా లోపలికి ఒరగడం కూడా మామూలు లెక్కలోకే వస్తుంది. దుకాణంలోని తెర ముందు నిలబడిన ప్రతివారికీ ఏదో ఒక లోపం తేలడానికి కారణం, ఈ మామూలు ఒరుగును కూడా జబ్బు కింద జమ కట్టడమే.

అరిగిన చెప్పు చూసి జాతకం చెప్పేవారు కూడా ఉన్నారు. మడమ బయటి మూల ముందుగా అరగడం చాలామంది నడకలో సహజం, ఎందుకంటే అడుగు వేసేటప్పుడు నేలకు ముందు తగిలేది ఆ మూలే. దాన్ని బట్టి మోకాలి సంగతి చెప్పడం కుదరదు.

సంబంధం ఉంది, కానీ ఎటు నుంచి ఎటు?

మనం గుజ్జు అనే పొర ఎముకల చివరలను కప్పి ఉంటుంది. నడిచేటప్పుడు మోకాలి మీద పడే బరువులో దాదాపు 60 నుంచి 70 శాతం లోపలి సగమే మోస్తుంది. నేల నుంచి పైకి వచ్చే తోపుడు మోకాలికి లోపలి పక్కగా పోతుంది కాబట్టి అది మోకాలిని బయటికి వంచాలని చూస్తుంది. ఈ వంచే బలం ఎంత ఎక్కువైతే లోపలి పొర మీద అంత ఒత్తిడి. అలైన్‌మెంట్ తప్పిన బండి టైరు ఒక అంచునే అరిగినట్టు మోకాలు కూడా ఒక పక్కే అరుగుతుంది.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1,900 మందికి పైగా పెద్దవారిని చూసి 2011లో ప్రచురించిన పరిశోధనలో, బాగా చదునైన పాదాలున్నవారికి తరచూ మోకాలి నొప్పి రావడం, లోపలి వైపు గుజ్జు దెబ్బతినడం కొంత ఎక్కువగా కనిపించింది. 2010లో ఆస్ట్రేలియాలో జరిగిన చిన్న పరిశోధనలోనూ, మోకాలి లోపలి అరుగుదల ఉన్నవారి పాదాలు ఆరోగ్యవంతుల పాదాల కంటే ఎక్కువగా లోపలికి ఒరిగి ఉన్నాయి. ఇన్‌సోల్ అమ్మే వారు చెప్పేది ఇక్కడితో ఆగిపోతుంది.

అసలు ప్రశ్న ఇక్కడి నుంచే మొదలవుతుంది. పాదం చదునై మోకాలు అరిగిందా, మోకాలు అరిగి పాదం చదునైందా? లోపలి వైపు అరిగేకొద్దీ కాలు దొడ్డికాలుగా వంగుతుంది. పిక్క ఎముక బయటికి వాలుతుంది. అలా వాలిన కాలికి పాదం నేల మీద సమంగా ఆనాలంటే లోపలికి ఒరగక తప్పదు. అంటే చాలామందిలో ఆ ఒరుగు శరీరం తనకు తాను చేసుకున్న సర్దుబాటు కావచ్చు. ఒకే సమయంలో పాదాన్నీ మోకాలినీ చూసిన పరిశోధనలు రెండూ జతగా ఉన్నాయని చెప్పగలవు, ఏది ముందో చెప్పలేవు. ఈ తేడా పట్టించుకోకుండా ఆ సర్దుబాటును కింద నుంచి అట్ట పెట్టి విరగ్గొడితే మోకాలికి మేలు జరుగుతుందని నమ్మడానికి ఆధారం లేదు.

అందుకే చెప్పుల కంటే ముందు ఒక ఎక్స్‌రే అవసరం. అది కూడా నిలబెట్టి తీసినది. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపించవచ్చు. మీ అరుగుదల లోపలి వైపా, బయటి వైపా, చిప్ప కిందా అన్నది తెలియకుండా ఏ వైపు ఎత్తు పెట్టాలో ఎవరికీ తెలియదు. చిప్ప కింద నొప్పి అయితే మెట్లు దిగేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు ముందు వైపు ఎక్కువగా తెలుస్తుంది.

ఉత్తకాళ్లు, హవాయి, మెత్తటి చెప్పులు, గట్టి బూట్లు

ఈ పోలికలో ఒక చిక్కుముడి ఉంది, కాస్త ఓపికగా విప్పాలి.

2006లో షికాగోలో మోకాలి అరుగుదల ఉన్న 75 మందిని మొదట తమ మామూలు బూట్లతో, తర్వాత ఉత్తకాళ్లతో నడిపించి కొలిచారు. ఉత్తకాళ్లతో నడిచినప్పుడు మోకాలిని వంచే బలం సుమారు 12 శాతం తగ్గింది. 2010లో అక్కడివారే రకరకాల పాదరక్షలు పోల్చారు. హవాయి చెప్పుల్లాంటివి వేసుకున్నప్పుడు మోకాలి మీద భారం ఉత్తకాళ్ల నడకకు దగ్గరగానే ఉంది. గట్టి అడుగున్న బూట్లతో, మొద్దు క్లాగ్ చెప్పులతో అంతకంటే ఎక్కువైంది. ఇది చదివినవారు మన హవాయి చెప్పులకే పట్టం కట్టేస్తారు. తీరప్రాంతంలో పుట్టి జీవితమంతా రబ్బరు చెప్పులతోనే తిరిగిన మనిషికి ఇది సంతోషకరమైన వార్తే.

కానీ అది ప్రయోగశాలలో నాలుగు అడుగులు నడిపించి కొలిచిన బలం. మనకు కావలసింది నొప్పి తగ్గడం. ఆ పరీక్ష 2021లో మెల్‌బోర్న్‌లో జరిగింది. లోపలి అరుగుదల ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్న 164 మందిని రెండుగా విడదీశారు. ఒక సగానికి పల్చగా, సులువుగా వంగే, మడమ ఎత్తు లేని బూట్లు ఇచ్చారు. రెండో సగానికి గట్టిగా, నిలకడగా, అరికాలికి ఆసరా ఇచ్చేవి ఇచ్చారు. రోజుకు కనీసం ఆరు గంటలు చొప్పున ఆరు నెలలు వేసుకోమన్నారు. నడకలో నొప్పి చెప్పుకోదగ్గంతగా తగ్గినవారు గట్టి బూట్ల జట్టులో 58 శాతం, పల్చటి బూట్ల జట్టులో 40 శాతం. పైగా కొత్త నొప్పులు, ఇతర ఇబ్బందులు గట్టి బూట్ల వారిలో దాదాపు సగమే. కొలతలో గెలిచినది నొప్పి దగ్గర ఓడిపోయింది. మోకాలి మీద పడే బలం ఒక్కటే నొప్పిని నిర్ణయించదన్నమాట. పాదం నిలకడగా ఉండటం, మడమ కదలకపోవడం, కండరాలు తక్కువ అలసిపోవడం కూడా లెక్కలోకి వస్తాయని నా అంచనా.

కాబట్టి ఈ రెండిటిలో నేను నొప్పిని కొలిచిన పరీక్షకే ఓటు వేస్తాను. అయితే అక్కడి బూటును ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడం కుదరదు. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు మేజోళ్లు, బూట్లు వేసుకుని రోజుకు ఆరు గంటలు ఎవరుంటారు? గుమ్మం దాటగానే చెప్పులు విప్పే ఇళ్లు మనవి. ఇంట్లో ఉండే ఆడవారి నడకలో పెద్ద భాగం వంటింటి టైల్స్ మీద, మార్బుల్ మీద ఉత్తకాళ్లతోనే సాగుతుంది. బయటికి వెళ్లేటప్పుడు అరగంట వేసుకునే ఖరీదైన జత ఆ రోజంతటి నడకను మార్చలేదు. అందుకే ఇంట్లోకి విడిగా ఒక జత పెట్టుకోమంటాను. వెనక పట్టీ ఉండి, అడుగు గట్టిగా ఉండి, మడమ చుట్టూ అంచు ఉన్న శాండల్స్ మన వాతావరణానికి కుదిరిన రాజీ. పరీక్షలో వాడినవి శాండల్స్ కావు. అయినా ఆ గుణాల్లో ఎక్కువ భాగం వీటిలో దొరుకుతాయి.

ఇక మందుల దుకాణాల్లోనూ దొరికే ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పుల సంగతి. మెత్తటి రబ్బరుతో చేసే వీటి అసలు పని మధుమేహంతో స్పర్శ తగ్గిన పాదాలకు పుండ్లు పడకుండా కాపాడటం. ఆ పనికి వాటిని మించినవి తక్కువ ధరలో దొరకవు. అరికాలికి, మడమకు హాయిగానే ఉంటాయి. కానీ "డాక్టర్ చెప్పులు" అన్న పేరు చూసి మోకాలి మందుగా కొనవద్దు. మధుమేహం ఉండి మోకాలి నొప్పి కూడా ఉంటే ఎంసీఆర్ లోపొర ఉండి, వెనక పట్టీ, కింద గట్టి అడుగు ఉన్న రకం అడిగి తీసుకోండి. పాదాల్లో తిమ్మిరి ఉన్నవారికి పైన చెప్పిన ఉత్తకాళ్ల ముచ్చట అసలు వర్తించదు. వారు ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా తిరగకూడదు.

మడమ ఎత్తు చెప్పుల గురించి ఎక్కువ మాటలు అక్కరలేదు. 1998లో ఆరోగ్యంగా ఉన్న ఆడవారి మీద కొలిచినప్పుడు ఎత్తు మడమల వల్ల మోకాలిని వంచే బలం ఉత్తకాళ్ల నడకతో పోలిస్తే 23 శాతం పెరిగింది. పెళ్లికి ఒక పూట వేసుకోవచ్చు, అంతే.

హవాయి చెప్పుల మీద నాకు శత్రుత్వం లేదు. మోకాలి మీద భారం తక్కువే. అయితే వేళ్లతో పట్టుకుని నడవాలి, తడి నేల మీద జారుతాయి, అడుగు అరిగిపోయాక కూడా పట్టీ తెగేదాకా వాడతాం. మోకాలు పట్టు తప్పినట్టు అనిపించేవారికి, మూత్రానికి రాత్రిపూట లేచే పెద్దవారికి పడిపోయే ప్రమాదం అరుగుదల కంటే పెద్దది. నొప్పి తక్కువగా ఉండి, హాయిగా నడుస్తున్నవారు వాటిని మానాల్సిన పనిలేదు. కొత్త జత కొనుక్కుంటే చాలు.

ఇన్‌సోల్: బయటి వైపు ఎత్తా, లోపలి వైపు ఎత్తా

మోకాలి అరుగుదలకు తయారైన ఇన్‌సోల్ ఒకటుంది. పాదం బయటి అంచు కింద 5 నుంచి 10 డిగ్రీల ఎత్తు ఉంటుంది. నేల తోపుడును కొద్దిగా బయటికి జరిపి, మోకాలి లోపలి సగానికి ఊరట ఇవ్వాలన్నది ఆలోచన. ప్రయోగశాలలో అది నిజంగానే వంచే బలాన్ని కొంత తగ్గిస్తుంది. చేతిలో పట్టుకుని చూస్తే ఎంతో సబబుగా అనిపించే వస్తువు. కానీ 2011లో 200 మందికి ఏడాది పాటు ఒక సగానికి ఇలాంటి ఇన్‌సోల్, మరో సగానికి మామూలు సమతల ఇన్‌సోల్ ఇచ్చి చూస్తే నొప్పిలోనూ, గుజ్జు అరగడంలోనూ తేడా రాలేదు. 2013లో అప్పటివరకు జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసినవారూ సమతల ఇన్‌సోల్ కంటే ఇది మెరుగని చెప్పలేకపోయారు. అమెరికా కీళ్లవ్యాధుల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో ఇటూ అటూ ఎత్తు పెట్టిన ఇన్‌సోళ్లను సాధారణంగా వాడవద్దనే చెప్పింది. మరి వేసుకున్నవారిలో కొందరు బాగుందంటారేమిటి? కొత్త మెత్తటి అట్ట ఏది వేసినా కొన్నాళ్లు బాగానే ఉంటుంది. సమతల అట్ట వేసుకున్నవారూ అదే మాట అన్నారు.

అరికాలి వంపు కింద ఉబ్బెత్తుగా ఉండే ఇన్‌సోల్ కథ వేరు. చదును పాదం చూపించి ఎక్కువగా అమ్మేది దీన్నే. పాదం నొప్పికి, మడమ పోటుకు ఇది పనికొస్తుంది, అందులో సందేహం లేదు. కానీ మోకాలికి? 2008లో ఆరోగ్యవంతుల మీద చేసిన ఒక చిన్న పరీక్షలో వంపు కింద దిండు పెడితే మోకాలిని వంచే బలం నడకలో 6 శాతం పెరిగింది. పాదాన్ని లోపలి నుంచి ఎత్తితే తోపుడు కూడా లోపలికి జరుగుతుంది మరి. దొడ్డికాళ్లు, లోపలి అరుగుదల ఉన్న మనిషికి, అతని పాదం చదునుగా ఉందన్న ఒక్క కారణంతో గట్టి ఉబ్బు పెట్టడం నాకు తొందరపాటుగా కనిపిస్తుంది. పాదంలోనే నొప్పి ఉంటే పెట్టుకోండి. మోకాలి నొప్పి పెరిగితే తీసేయండి.

లోపలి ఎత్తు పనికొచ్చే సందర్భం ఒకటుంది. రెండు మోకాళ్లూ ఒకదానికొకటి రాసుకునేలా లోపలికి వంగి, బయటి సగం అరిగినవారు. 2008లో అలాంటి 30 మంది ఆడవారికి లోపలి వైపు ఎత్తున్న ఇన్‌సోల్ ఇస్తే నొప్పి తగ్గింది. చిన్న పరీక్షే, కానీ లెక్క సరిపోతుంది. చెన్నై వెళ్లి పాదం అచ్చు తీయించుకోవాలని రైలెక్కే ముందు ఎక్స్‌రేలో మీది ఏ పక్కో అడిగితే, సగం మందికి ఆ టికెట్టు ఖర్చు మిగులుతుంది.

మోకాలి క్యాప్, బ్రేస్, కర్ర

సాగే గుడ్డతో చేసిన మోకాలి క్యాప్ ఎముకల మధ్య భారాన్ని మార్చదు. వెచ్చదనం, పట్టు ఉన్నట్టు ధైర్యం ఇస్తుంది. చవక కాబట్టి కొనుక్కోండి, రాత్రి విప్పేయండి. పక్కన పట్టీలు, కీలు ఉండి కాలును ఒక వైపుకు నెట్టే బ్రేస్ మాత్రం నిజంగా భారం తగ్గించగలదు. 2019 మార్గదర్శకాలు దాన్ని గట్టిగానే సమర్థించాయి. చిక్కల్లా వేసుకోవడంలోనే. మన చెమటకు, చీరలకు, నేల మీద కూర్చునే అలవాటుకు అది ఎక్కువ రోజులు కాలి మీద ఉండదు. ఒక వైపే అరిగి, శస్త్రచికిత్సకు ఇంకా వయసు రానివారు కావాలంటే నిపుణుల దగ్గర కొలత ఇచ్చి చేయించుకోవాలి. తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రి తిరుపతిలోనే ఉంది. నెల్లూరు వారికి చెన్నై కంటే దగ్గర.

చేతికర్ర అంత చవకైన, అంత రుజువైన సాధనం ఇంకొకటి లేదు. దాన్ని పట్టుకోవడానికి అందరూ మొహమాటపడతారు. కర్ర పట్టగానే ముసలివాళ్లమైపోయామని ఊరంతా అనుకుంటుందని బెంగ. కుంటుతూ నడిస్తే మాత్రం పడుచువాళ్లని ఎవరనుకుంటున్నారు? 2012లో 64 మంది మీద జరిగిన పరీక్షలో రెండు నెలలు రోజూ కర్ర వాడినవారికి నొప్పి తగ్గింది, నడక మెరుగుపడింది. కర్ర నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో ఉండాలి. కుడి మోకాలు నొప్పైతే ఎడమ చేతిలో. ఇది చాలామంది తిరగేసి పట్టుకుంటారు. చేయి కిందికి వేలాడేసినప్పుడు మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. కింద రబ్బరు బుష్ అరిగితే మార్చండి.

మీ పని, మీ నడక

ఇందుకూరుపేట, కోవూరు వైపు మడిలో నాట్లు వేసే వారికి చెప్పుల సలహా ఇవ్వడం వృథా. బురదలో ఏ చెప్పూ నిలవదు. వారికి మోకాలిని ఇబ్బంది పెట్టేది ఎక్కువగా గొంతుకు కూర్చోవడం, మళ్లీ లేవడం. ఇంటి దగ్గరైనా ఎత్తు పీట, కుర్చీ లాంటి మరుగుదొడ్డి పెట్టుకుంటే ఏ ఇన్‌సోల్ కంటే ఎక్కువ మేలు. ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగ్‌లో గంటల తరబడి నేల మీద కూర్చునేవారికీ అదే మాట. చిన్న ఎత్తు బల్ల చాలు.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవారు భద్రతా బూట్లు వదలకూడదు. గట్టి అడుగు ఎలాగూ ఉంటుంది కాబట్టి లోపల మెత్తటి సమతల అట్ట మార్చుకుంటే సరిపోతుంది. రొయ్యల చెరువు గట్ల మీద తిరిగేవారికి రబ్బరు బూటు వదులుగా ఉండటమే శత్రువు. లోపల మందపాటి మేజోడు వేసి మడమ కదలకుండా చూసుకోండి. గట్టు వాలు ఎప్పుడూ ఒకే పాదాన్ని పల్లంలో ఉంచుతుంది, కాబట్టి పోయిన దారినే తిరిగి రండి, వాలు రెండో కాలికి మారుతుంది.

శనివారం మాత్రమే తెరిచే మాలకొండ నరసింహస్వామి గుడికి వెళ్లేవారికి ఒకటే చెబుతాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. దిగడమే కష్టం, కాబట్టి ఓపిక దిగడానికి మిగుల్చుకోండి.

లావుగా ఉన్నవారు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో కొలిచారు. అయిదు కిలోలు తగ్గితే అడుగడుగుకీ ఇరవై కిలోలు. ఇంత పని చేసే చెప్పు ఇంతవరకు ఎవరూ కుట్టలేదు. తొడ ముందు కండరం బిగించడం, కుర్చీలోంచి చేతులు ఊతం లేకుండా లేవడం, మునివేళ్ల మీద లేచి దిగడం, ఈ మూడూ రోజూ చేయండి. చివరిది మోకాలితో పాటు అరికాలి వంపుకూ వ్యాయామమే.

చెప్పులతో తేలని నొప్పులు

కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు వారు ఇది వదలకుండా చదవాలి. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య పాతది. ఫ్లోరోసిస్ నివారణకు కేంద్రం 2008-09లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఉంది. ఫ్లోరోసిస్‌లోనూ కీళ్లు పట్టేస్తాయి, కాళ్లు వంకర పోతాయి. చూడటానికి మోకాలి అరుగుదల లాగే ఉంటుంది. ఇంట్లోనే మూడు పరీక్షలు చేసుకోవచ్చు. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా? రెండు చేతులూ పక్కలకు చాపి, మోచేతులు మడిచి, వేళ్లతో తల వెనక తాకగలరా? ఇవి చేయలేకపోతే, అందులోనూ మెడ, నడుము కూడా పట్టేసి ఉంటే, ముందు తాగే నీరు మార్చాలి, డాక్టరుకు చూపించాలి. ఇన్‌సోల్‌కు పెట్టే డబ్బు శుద్ధి చేసిన నీటికి పెట్టండి.

మోకాలు వేడెక్కి ఎర్రగా వాచినా, జ్వరం తోడైనా, మధ్యలో ఇరుక్కుని మడత పడకపోయినా, పొద్దున్నే గంటకు పైగా కీళ్లు బిగిసి ఉన్నా అది అరుగుదల కాకపోవచ్చు. వాటికి ఈ పోలికలేవీ పనికిరావు.

కొనే రోజు

సాయంత్రం వెళ్లండి. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, అప్పుడు సరిపోయినదే రోజంతా సరిపోతుంది. చెప్పును రెండు చేతుల్లో పట్టుకుని మెలితిప్పండి. తువ్వాలులా మెలిపడితే వద్దు. వేళ్ల దగ్గర వంగాలి, నడుమ వంగకూడదు. మడమ వెనక భాగం బొటనవేలితో నొక్కితే లోపలికి కూలకూడదు. మడమ ఎత్తు రెండు వేళ్ల మందం దాటకూడదు. దుకాణంలో మెత్తగా అనిపించేది చాలాసార్లు నెల తిరిగేసరికి ఒక పక్కకు కుంగిపోతుంది, కాబట్టి మొదటి స్పర్శకు మురిసిపోవద్దు.

కొత్త జతకు ఆరు వారాలు గడువు పెట్టండి. మొదటి రోజే ఆరు గంటలు వేసుకోకుండా గంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. ప్రతి ఆదివారం క్యాలెండర్ మీద నొప్పికి పదికి ఎంతో మార్కు వేయండి. అదే వీధి, అదే దూరం నడిచాక వేసుకుంటే మేలు. ఆరు వారాల తర్వాత రెండు మార్కులైనా తగ్గకపోతే ఆ జతను మామూలు చెప్పుల్లా వాడుకోండి. దాని మీద ఇంకో ఇన్‌సోల్ మాత్రం కొనవద్దు. మిగిలిన డబ్బుతో ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామం నేర్చుకోండి.